ఒక గుడి, ఒక దీర్ఘం

పది గంటలకు వస్తామన్నారు, ఇప్పుడు తొమ్మిదైంది, గంటలో రెండు గీతలు గీయలేవా అమ్మా, అదేమన్నా కొండ తవ్వడమా అని గుడి కమిటీ అధ్యక్షులవారు నవ్వి వెళ్లారు. గడప దగ్గర చెప్పులు కాలితో వెతుక్కుంటూ కూడా నవ్వుతూనే ఉన్నారు. ఎదుటి మనిషికి కాదనే సందు ఇవ్వని నవ్వు అది. ఆమె ఇంకా ఉలి ఎత్తలేదు. గోడకు ఎదురుగా కింద కూర్చుంది, ఒళ్లో ఉలి, పక్కన సుత్తి, చెంబులో నీళ్లు, తడిపి పిండిన గుడ్డ. కళ్లకు సూటిగా గోడలో పొదిగిన నల్లరాయి, దాని మీద రెండే రెండు వాక్యాలు. రాజు తిరగమన్నాడు. దేవర తిరగడు. ఇంత పాత గుడికి రాతలో ఉన్న చరిత్ర ఇంతే, తక్కినదంతా జనం నోట్లో ఉంది. ఆ చివరి మాట బాగా అరిగిపోయింది, పోల్చుకోవాలంటే పక్కవాటుగా ఎండ పడాలి, ఇప్పుడు పడుతోంది, తి కనిపిస్తోంది, ర ఉంది, గ ఉంది, డు ఉంది, ర మీదా గ మీదా ఉండాల్సిన తలకట్లు మాత్రం కంటికి ఆనడం లేదు. ఆ ఖాళీలో అధ్యక్షులవారు పొద్దున్నే స్వయంగా కావిరంగుతో గుర్తులు పెట్టారు. ర నెత్తిన ఒక గుడి, గ పక్కన ఒక దీర్ఘం. వాటి వెంట ఉలి నడిపిస్తే చాలు, దేవర తిరిగాడు అవుతుంది. వందల ఏళ్లుగా తిరగని దేవర పది గంటలకల్లా తిరిగిపోతాడు, అదీ ఆమె చేత్తో.

గుడి అంటే ఈ స్తంభాలూ ఈ గర్భాలయమూ కాదు, అక్షరం నెత్తిన పెట్టే చిన్న చుట్టు. కకు గుడిస్తే కి, తకు గుడిస్తే తి అని బడిలో గొంతు చించుకుని అరిచినప్పుడు ఎవరికీ నవ్వు రాలేదు. ఆ పేరు పెట్టిన మహానుభావుడెవరో గానీ ఇవాళ మాత్రం ఆమెకు నవ్వొస్తోంది, గుడికే గుడి ఇమ్మంటున్నారు, ఒక్క గుడి పెట్టి గుడంతా పడగొట్టమంటున్నారు. తలకట్టును ఎవరు పట్టించుకుంటారు? దీర్ఘానికి సాగదీసే రాగముంది, కొమ్ముకు దాని పొగరుంది, తలకట్టుకేముంది, ఉందో లేదో కూడా చూడకుండా చదువుకుంటూ పోతారు. చిన్నప్పుడు ఆమె కూడా పెట్టేది కాదు, పలకంతా బోడి అక్షరాలు రాసేది, పంతులుగారు చెవి మెలేసి ఏమే, వీటికి గుండు కొట్టించావా అనేవారు. నాన్న మెలేయలేదు. నాన్న పని రాతి మీద అక్షరాలు చెక్కడం, తాత పనీ అదే, ఇప్పుడు ఆమె పనీ అదే. నాన్న ముందు వాక్యంలోని అక్షరాలన్నిటికీ ఒళ్లు చెక్కి, చివర్న వరసగా తలకట్లు పెట్టుకుంటూ వచ్చేవాడు. అచ్చును ప్రాణమంటారు తెలుసా, ఇదిగో దీనికి ప్రాణమొచ్చింది, ఇదిగో ఇప్పుడు దీనికొచ్చింది, అని ఒక్కో దెబ్బకూ చెప్పేవాడు. ఆ రోజు నుంచి ఆమె తలకట్టు మరిచిపోలేదు. మరిచిపోలేదు గానీ తప్పు పెట్టింది, పెట్టక పెట్టక ఈ రాతి మీదే పెట్టింది, ఆ తప్పే ఇప్పుడు కాళ్లకు అడ్డం పడింది.

తిరగడు అనే మాటకు కాలం లేదు, అది గమనించారా ఎవరైనా? తిరగలేదు అంటే నిన్నటి సంగతి, తిరగబోడు అంటే రేపటి సంగతి, తిరగడు అంటే నిన్నా అంతే, ఇవాళా అంతే, రేపు మీరొచ్చి అడిగినా అంతే. ఆ మాట అన్నది రాళ్లు మోసే మనిషి. పండితురాలు కాదు, పట్టపురాణి కాదు, నెత్తిన గంపెడు రాళ్లున్న ఆడమనిషి. అప్పుడిక్కడ గుడి లేదట, రాతి గని ఉండేదట, గనిలో దిగినవాళ్లు సాయంత్రం అందరూ పైకి వస్తారన్న నమ్మకం లేదట, అందుకని రాయి కొట్టేవాళ్లూ మోసేవాళ్లూ కలిసి ఒక దేవరను చెక్కుకుని గని అంచున నిలబెట్టుకున్నారు, మొహం గని వైపు, కిందికి దిగినవాళ్లు కనపడేలా. మాకు వరాలొద్దు, నువ్వు చూస్తూ ఉండు చాలు అన్నారట. తర్వాత రాజు చూశాడు, ముచ్చటపడ్డాడు, ముచ్చటపడితే దండం పెట్టి పోవచ్చు కదా, పోలేదు, దేవర నా కోట వైపు తిరగాలన్నాడు. మోకులు కట్టారు, మనుషుల్ని పెట్టారు, ఏనుగునూ పెట్టారంటారు, ఏనుగు సంగతి ఆమెకు అంతగా నమ్మకం లేదు, జనానికి ఎక్కడో ఒక చోట ఏనుగు లేకపోతే తోచదు. దేవర కదల్లేదు. ఏమైందని రాజు మీద మీద పడుతుంటే, అటుగా పోతున్న మనిషి గంప కూడా దించకుండా, తిరగడు, అని తన దారిన పోయింది. అంతే, ఆ ఒక్క మాట. ఆ గంప మనిషిని ఏం చేశారో చెప్పేవాళ్లు లేరు. రాజు పంతం మీద కోట వైపే పెద్ద గోపురం కట్టించాడు, తిరగకపోతే గుమ్మమే నా వైపు పెడతానన్నాడు కాబోలు, అందుకే ఇప్పటికీ పెద్ద గుమ్మంలోంచి వచ్చేవాళ్లకు ముందు కనపడేది దేవర వీపు వైపు గోడ. ఎంతటివాళ్లైనా చుట్టూ తిరిగి రావాలి. మిగతా గుళ్లల్లో దర్శనమయ్యాక ప్రదక్షిణం, ఇక్కడ ప్రదక్షిణం చేస్తేనే దర్శనం. ఆయన తిరగడమ్మా, తిరగాల్సింది మనం, అని అమ్మ చెయ్యి పట్టుకుని తిప్పుతూ చెప్పేది. కోట ఎప్పుడో పోయింది, పునాదుల జాడ కూడా లేదు. గనిలో నీళ్లు నిండాయి. దేవర ఇంకా అటే చూస్తున్నాడు.

ఇక్కడికొచ్చి ఎవరూ ఏమీ అడగరు, అది ఈ దేవర దగ్గర పద్ధతి. ఎవరికో ఒకరికి కాదు అని చెప్పాల్సిన అవసరం పడ్డవాళ్లు వస్తారు. వచ్చి, ఆ చివరి మాట మీద వేలు పెట్టి, తి నుంచి డు దాకా మెల్లగా జరిపి, ఆ చెప్పాల్సిందేదో ముందు దేవరకు చెప్పి పోతారు. చిన్నప్పుడు నాన్న పక్కన కూర్చుని అన్నీ వినేది, విననట్టు రాతిపొడి ఊదుతుండేది. ఒక నర్సు వచ్చింది, చచ్చిపోయిన మనిషి ఆస్పత్రి కాగితంలో జరగనిది రాయమంటున్నారు, నేను రాయను, నేను రాయను అని రెండుసార్లు అంది. ఒక డ్రైవరు వచ్చి, బ్రేకులు సరిగా పడని బండిని పిల్లల బడికి తోలనని చెప్పడం నేర్చుకున్నాడు, నాలుగుసార్లు తడబడ్డాడు, అయిదోసారి బాగా అన్నాడు, నాన్న ఉలి ఆపి, ఇప్పుడు బాగుందయ్యా అన్నాడు. కొందరు దేవరనే తిట్టి పోయేవాళ్లు, చూస్తూ ఉంటావుగా, ఏం చూశావు, ఏం పీకావు అని, పూజారిగారు అదీ స్తోత్రమేలే అని హారతి ఇచ్చి పంపేవారు. అమ్మ కూడా ఒకరోజు వచ్చింది. నోట్లో నాలుక లేని మనిషి, తాత దగ్గితే నీళ్లు, చూస్తే కంచం, అంతే ఆవిడ బతుకు. ఆడపిల్ల చేతికి ఉలి ఏమిటి, నలుగురిలో నవ్వులపాలవుతాం అని తాత అన్న మర్నాడు, అమ్మ తడిచీరతో వచ్చి ఈ రాతి మీద వేలు పెట్టి చాలాసేపు నిలబడింది. ఇంటికెళ్లి తాత ముందుకు పోయి, నా కూతురు ఉలి పడుతుంది మామయ్యా, అంది. గొంతు వణికింది గానీ మాట వణకలేదు. అమ్మ జీవితంలో చెప్పిన కాదు అదొక్కటే, ఆ ఒక్కదాంతో ఈమె జీవితమంతా నడిచింది. అట్లా ఎన్ని వేళ్లో, ఎన్ని వందల ఏళ్లో, అందుకే ఆ మాటే అరిగింది, పక్కనున్న రాజుకేమీ కాలేదు, రా దీర్ఘంతో సహా నిక్షేపంగా ఉన్నాడు. అరిగినప్పుడల్లా తాతముత్తాతలు తమ తమ కాలపు అక్షరాల్లో తిరగ చెక్కుతూ వచ్చారు. అరిగింది కాబట్టి మార్చేద్దామంటున్నారు ఇవాళ. భక్తితో అరిగినదాన్ని భక్తి పేరు చెప్పి మార్చేస్తారట!

అసలు ఆ మొన్నటి మీటింగు తలుచుకుంటేనే ఒళ్లు మండుతోంది. అధ్యక్షులవారు పెద్ద ఆఫీసులో పెద్ద కుర్చీలో చేసి రిటైరైన మనిషి, ఏం మాట్లాడినా ఫైలు మీద సంతకం పెట్టినట్టే ఉంటుంది. చూడండమ్మా, లోకం మారింది, జనం పాజిటివ్‌గా ఉండాలని గుడికొస్తారు, గోడ మీద చూస్తే దేవుడే కాదంటున్నాడు, ఎంత నెగెటివ్‌గా ఉంది, అన్నారు. భక్తితో పిలిస్తే దేవుడు తిరిగి చూశాడు అంటే వినడానికి ఎంత బాగుంది, అన్నారు. అది నిజమే, అందులో తప్పేం లేదు, పిలిస్తే తిరిగి చూసే దేవుళ్లు ఉన్నారు, వాళ్ల గుళ్లకు ఆమె కూడా వెళ్తుంది, కళ్లనీళ్లు పెట్టుకుని మరీ దండం పెడుతుంది. కానీ అక్కడ పిలిచింది భక్తుడు, ఇక్కడ తిరగమన్నది రాజు. పిలవడమూ తిరగమనడమూ ఒకటేనా? ఆ రాజు వంశం మాదేనని చెప్పుకునే పెద్దమనిషి ఒకాయన ఈ మధ్య కమిటీకి దగ్గరయ్యాడు, ఇవాళ పది గంటలకు వచ్చేది ఆయనే, మా పూర్వీకుడి కోసం దేవుడు తిరిగిన చోటు చూసుకోవాలని ఆయనకు కోరికట. కోరిక తీర్చడానికి ఒక పండితుణ్ణి కూడా పిలిపించారు. ఆయన భూతద్దం పెట్టి రాయంతా వెతికి, ఇదిగో, గ పక్కన కుడివైపుకి సాగిన గీత జాడ, ఇది తలకట్టు కాదు, దీర్ఘమే, గ కాదు గా, కాబట్టి ముందున్నది రి అయ్యుండాలి, తిరిగాడు అని తేల్చేశాడు. అందరూ తలలూపారు. మీ వాళ్లు ఎప్పుడు చెక్కారో, ఏం చెక్కారో ఇప్పుడు చెప్పేవాళ్లు ఎవరూ లేరు కదమ్మా, అని అధ్యక్షులవారు ఆమె వైపు తిరిగారు. ఆమెకు నోరు పెగల్లేదు.

పెగల్లేదు. ఊరంతా మొండి అని పిలిచే మనిషి ఆమె, మొండి ఉలి, మొండి మనిషి, నాన్న ముద్దుగా పెట్టిన పేరు పెళ్లయ్యాక కూడా పోలేదు, ఆ మొండి ఆ రోజు తల వంచుకుని కూర్చుంది. బల్ల కింద తమ్ముడు కాలు తొక్కాడు, అందుకు కాదు, తమ్ముడు పుట్టినప్పటి నుంచి కాళ్లు తొక్కుతూనే ఉన్నాడు. ఆ సాగిన గీత దీర్ఘం కాదు. ఆమె తప్పు. ఆమె పదకొండేళ్లప్పుడు నాన్న ఈ రాతిని తిరగ చెక్కాడు, అన్నీ తనే చేసి, చివర్న ఆమెను పీట మీద కూర్చోబెట్టి, గ మీద తలకట్టు నువ్వు పెట్టవే మొండీ, అన్నాడు. ఎంత సంబరం! ఊపిరి బిగపట్టి మూడు దెబ్బలు బాగా వేసింది, నాలుగోదానికి గుళ్లో ఎవరో గంట కొట్టారు, చెయ్యి ఉలిక్కిపడింది, ఉలి కుడివైపుకి ఇంత దూరం జారిపోయింది. నాన్న మొహం ఒక్క క్షణం తెల్లబోయింది. తర్వాత గుడ్డతో తుడిచి, పోనీలే, ఎవరికీ చెప్పకు, అన్నాడు. ఆ రోజుల్లో మా ఇంటి ఉలి తప్పు చెక్కదు అని తాత నలుగురిలో మీసం తిప్పేవాడు, అదే మాట ఇప్పుడు తమ్ముడు షాపు బోర్డు మీద పెద్దక్షరాలతో ఉంది. నాన్న పోయేదాకా ఆ తప్పు దాచాడు. ఆమె ఇప్పటిదాకా దాచింది. ఆ దాచిందే తవ్వి తీసి దేవర మీదికి సాక్ష్యం తెచ్చారు వీళ్లు, ఏం చేస్తుంది, నలుగురు పెద్దమనుషుల ముందు, దేవుడి రాతి మీద నేను చెయ్యి జారానండీ అని ఎట్లా చెప్తుంది? చెప్పలేదు. ఇంటికొచ్చి అన్నం సహించక మంచినీళ్లు తాగి పడుకుంది.

బయట బండి ఆగిన చప్పుడు. తమ్ముడే, ఆ బండి దగ్గు ఎక్కడున్నా తెలుస్తుంది. చేతిలో కరెంటు గ్రైండరు, మెడలో వైరు చుట్టుకుని వచ్చాడు. రాతి వైపు ఒక్కసారి చూశాడు, ఆమె ఒళ్లోని ఉలిని చూశాడు.

"ఇంకా మొదలే పెట్టలేదా అక్కా? తొమ్మిదిన్నరైంది."

"కనపడుతోందిగా."

"రెండు గీతలు. ఒక గుడి, ఒక దీర్ఘం. దీనికింత రాద్ధాంతమెందుకే? పోనీ నువ్వు పక్కకు జరుగు, నేను గ్రైండరు పెట్టి ఒక్క నిమిషంలో లాగేస్తా."

"నాన్న చెక్కినదాని మీద గ్రైండరు పెడతావుట్రా?"

"నాన్న ఉంటే నాన్నే ఒప్పుకునేవాడు. వాళ్లు చెప్పింది విన్నావుగా, మీకు ఇబ్బందైతే చెప్పండి, వేరేవాళ్లను చూసుకుంటాం, ఇకపై గుడి పనులన్నీ వాళ్లతోనే అని. తాతల నాటి నుంచి ఈ గుళ్లో మెట్టు కదిలినా మనమే, గడప అరిగినా మనమే. అదంతా రెండు గీతల కోసం వదులుకుంటామా?"

వాడు గ్రైండరు పట్టుకుని ప్లగ్గు వెతుక్కుంటూ స్తంభాల వెనక్కి వెళ్లాడు.

వాడన్నదాంట్లో అబద్ధమేముంది? ఈ గుళ్లో ఉలి పట్టే హక్కు పోతే ఇంక ఆ ఇంటికి మిగిలేదేమిటి, వంటగది బండలు కొయ్యడం, పేర్ల పలకలు మిషన్ మీద గీయడం. పైగా ఆమె ఏమన్నా సత్యహరిశ్చంద్రుడి అక్కా? ఎన్ని అబద్ధాలు చెక్కలేదు ఈ చేత్తో? పిల్లికి బిచ్చం పెట్టనివాడి సమాధి మీద దానశీలి అని చెక్కింది, ఇంకొకడు కట్టించిన బావికి ప్రెసిడెంటు పేరు చెక్కింది, పెళ్లాన్ని కొట్టి కొట్టి చంపినవాడు ధర్మపత్ని జ్ఞాపకార్థం అని రాయించుకుంటే దానికి చుట్టూ పూలతీగ కూడా చెక్కి ఇచ్చింది, తీగ బాగా కుదిరిందని ఆ రోజు సంతోషం కూడా పడింది. అప్పుడు రాని పట్టుదల ఇప్పుడెందుకు? ఇప్పుడు దేవుడి సంగతనా? దేవుడు తనను తాను చూసుకోగలడు, ఏనుగుకే కదలనివాడు ఒక గుడికీ దీర్ఘానికీ కదులుతాడా, గోడ మీద ఏం రాసినా ఆయన మొహం గని వైపే ఉంటుంది. అయితే ఉండనీ. మరి పోయేది ఎవరిది? ఆ గంప మోసినామెది. పేరు లేదు, బొమ్మ లేదు, పూజలో ఆమెకంటూ ఒక్క పువ్వు లేదు, ఉన్నది ఆ ఒక్క మాట, నోట్లోంచి వచ్చిన నాలుగక్షరాలు, దాన్ని కూడా తిప్పేసి రాజు మెప్పుకి అంటగడితే ఇంక ఆమె ఈ లోకంలో ఉన్నట్టే ఉండదు. రేపు ఒక నర్సు వచ్చి వేలు పెడితే ఏం తగులుతుంది? తిరిగాడు అని తగులుతుంది. పెద్దవాళ్లు తిరగమంటే దేవుడే తిరిగాడు, నువ్వెంత, పోయి చెప్పింది రాసెయ్, అని తగులుతుంది. ఆ గోడ మీద అమ్మ వేలు ఉంది. ఎక్కడుందంటే చూపించలేదు గానీ ఉంది, ఆ అరుగుదల్లో ఉంది. ఒకవేళ కథంతా కట్టుకథే అనుకుందాం, రాజు లేడు, గంపా లేదు, ఎవరో ఊసుపోక రాసుకున్నారు, ఉండొచ్చు, ఎవరు చూశారు? అది నిజమో కాదో ఆమెకు తెలియదు. ఆ గ మీద తానేం చెక్కిందో మాత్రం తెలుసు.

పూజారిగారు చెంబు పట్టుకుని గర్భగుడిలోంచి బయటికొచ్చారు. ఎనభై దాటినాయన, నడుము సగానికి వంగింది, ఆమెను చూసి ఆగారు, కావిరంగు గుర్తులు చూశారు, కళ్లు చికిలించారు.

"ఏంటి తల్లీ, ఆలోచిస్తున్నావా?"

"మీరేమంటారు పూజారిగారూ? తిరిగాడా, తిరగడా?"

"నన్నడుగుతావేంటమ్మా? నేను అరవయ్యేళ్లుగా ఆయన మొహమే చూస్తున్నాను. నాకు ఆయన వీపు ఎట్లా ఉంటుందో కూడా తెలీదు." అని, రెండడుగులు వేసి, మళ్లీ ఆగి, వెనక్కి చూడకుండానే అన్నారు, "కమిటీ వాళ్లు మంత్రాల్లో కూడా మార్పులు రాసిచ్చారు. కళ్లజోడు పోయిందని చెప్పాను."

కళ్లజోడు ఆయన ముక్కు మీదే ఉంది.

ఆమెకు పొట్టలోంచి నవ్వొచ్చింది, నవ్వుతోపాటే ఏడుపు కూడా వచ్చింది, ముసలాయన కళ్లజోడు పెట్టుకుని కళ్లజోడు పోయిందంటున్నాడు, తాను నోరు పెట్టుకుని నోరు పోయినట్టు కూర్చుంది. దేనికి భయం? తప్పు ఒప్పుకోవడానికా? చెయ్యి జారిందని చెప్పడానికా? పదకొండేళ్ల పిల్ల చెయ్యి జారకపోతే ఇంకెవరిది జారుతుంది? నాన్న దాచాడు, పాపం నాన్న, బిడ్డ పరువు కాపాడాననుకున్నాడు, తాత మీసం కాపాడాననుకున్నాడు, ఆ పరువే ఇప్పుడు వాళ్ల చేతిలో దీర్ఘమైంది. తప్పు చెక్కని ఉలి అట! ఏ ఉలి చెక్కదు? రాతి మీద చెరపడం కుదరదు, అదొక్కటే రాతికీ కాగితానికీ తేడా, పెట్టినదాన్ని తియ్యలేం, కలపగలం అంతే, ఆ కిటుకు తెలిసే వాళ్లు కలపమంటున్నారు. సరే, కలుపుతాను. ఆమె తడిగుడ్డ తీసుకుంది. ర నెత్తి మీది కావిరంగు గుడిని ఒక్క తుడుపు తుడిచింది, గ పక్కన దీర్ఘాన్ని ఇంకో తుడుపు, ఎర్రనీళ్లు రాతి అంచు దాకా కారాయి, వాటినీ తుడిచింది. కొనవేలితో ర పైన తడిమింది. కంటికి లేదు గానీ వేలికి ఉంది, తలకట్టు అడుగున సన్నటి పల్లం, నాన్న చెయ్యి. ఉలి ఆనించింది. మొదటి దెబ్బకు మండపమంతా మోగింది.

ర మీద తలకట్టు పడింది. మళ్లీ అదే గీతలో ఇంకోసారి, ఇంకా లోతుకి, మళ్లీ ఇంకోసారి, ఇంక వెయ్యేళ్లు జనం వేళ్లు పెట్టినా అరగకూడదు, ఎవడైనా దాని మీద గుడి పెడదామన్నా రాయి పగలాలి గానీ గుడి నిలవకూడదు. పొడి కళ్లలో పడుతోంది, పడనీ. స్తంభాల వెనక నుంచి తమ్ముడు ప్లగ్గు దొరికిందే అక్కా అంటూ వచ్చినవాడు అక్కడే ఆగిపోయాడు. తుడిచేసిన ఎరుపు చూశాడు, తెల్లగా మెరుస్తున్న తలకట్టు చూశాడు. కొంప ముంచావు కదే, అన్నాడు మెల్లగా. ఆమె వాడి వైపు చూడలేదు. అదిగోరా, ఆ గ పక్కన సాగిన గీత, అది దీర్ఘం కాదు, నా చిన్నప్పుడు నా చెయ్యి జారింది, నాన్న ఎవరికీ చెప్పొద్దన్నాడు, నీ బోర్డు మీద రాత అబద్ధం, తీసేయించు, అంది ఒకటే ఊపిరిన. చెప్పేశాక చూస్తే ఇంతేనా అనిపించింది, నాలుగు మాటలు, దీనికేనా నలభై ఏళ్లు మోసింది? వాడు వంగి, ఆ సాగిన గీత మీద వేలు పెట్టి చూశాడు, ఎడమ నుంచి కుడికి, దాని చివరిదాకా. నాన్న నాకు కూడా చెప్పలేదే, అన్నాడు. గొంతులో కోపం కంటే అలక ఎక్కువుంది. ఆమె ఉలిని గ మీదికి మార్చింది. తొమ్మిదీ యాభై అయ్యుంటుంది, ఎండ పక్క నుంచి పైకి జరిగింది, అక్షరాలు నీడ పోగొట్టుకుంటున్నాయి, ఇంక కన్ను కాదు, చెయ్యే చూడాలి.

పెద్ద గుమ్మం వైపు నుంచి మాటలు వినపడ్డాయి, అధ్యక్షులవారి గొంతు ముందు, దాని వెనక ఇంకొన్ని. పెద్దమనిషి చుట్టూ తిరిగి రావాలా అని అడుగుతున్నాడు, అవునండీ ఇక్కడ అంతే, అలవాటైపోతుంది అని అధ్యక్షులవారు సర్దిచెబుతున్నారు, అడుగులు గోడ వెంబడి దగ్గరవుతున్నాయి, రాజవంశమైనా కమిటీ అయినా తిరగక తప్పుతుందా, రండి, తిరిగి రండి. ఆమె గ మీద మొదటి దెబ్బ వేసింది, రెండోది వేసింది. పదకొండేళ్లప్పుడు మూడు బాగా పడ్డాయి, నాలుగోది జారింది. మూడోది వేసింది. అడుగులు వీపు వెనకకొచ్చి ఆగాయి.

"అయిందా అమ్మా?" అధ్యక్షులవారు నవ్వుతూ అడిగారు, తర్వాత రాతిని చదివారు. చదవడానికి ఎంతసేపు, నాలుగక్షరాలు. "ఇదేంటిది? నేను పెట్టిన గుర్తులేవి? దీర్ఘం ఏది?"

"అది దీర్ఘం కాదండీ." ఆమె ఉలి మీంచి చూపు తీయలేదు. "ఈ గ మీద తలకట్టు పెట్టింది నేను. చిన్నదాన్ని, చెయ్యి జారింది, గీత సాగింది. మీ పండితుడు చూసింది నా తప్పును. ఆ రోజే చెప్పాల్సింది, సిగ్గుపడి చెప్పలేదు. రాసి ఉన్నది తిరగడు అనే."

"అంటే మేమంతా ఇక్కడ..." ఆయన ఆగి, పక్కనున్న పెద్దమనిషిని చూసి, గొంతు సవరించుకున్నారు. "ఏమ్మా, ఇంతమంది పెద్దవాళ్లు వచ్చి నిలబడితే గోడతో మాట్లాడతావా? ముందు ఆ సుత్తి కిందపెట్టు. ఇటు తిరుగు."

నాలుగో దెబ్బ ఇంకా మిగిలే ఉంది, ఉలి అంచు రాతిలో ఆని ఉంది, ఇప్పుడు భుజం కదిపినా అది మళ్లీ కుడికి పోతుంది. ఆమె కదల్లేదు. నోరు తెరిచి చెబుదామంటే ఊపిరి కూడా దెబ్బ కోసం బిగపట్టి ఉంది. స్తంభం పక్కన తమ్ముడు మెడలోని వైరు తీసి గ్రైండరుకు చుట్టాడు, చుట్టి, దాన్ని నేల మీద పెట్టి, చేతులు ప్యాంటుకు తుడుచుకుని, అధ్యక్షులవారికీ అక్క వీపుకీ మధ్యకు వచ్చి నిలబడ్డాడు.

"తిరగదండీ," అన్నాడు.

ఆమెకు నవ్వొచ్చింది. ఉలి జారుతుందని ఆపుకుని, నాలుగో దెబ్బ వేసింది.